విగ్రహం అనకండి, బొమ్మ అనండి

మా చెరువు కట్ట మీద ఓరుగల్లు రాణి బొమ్మ పెట్టించింది నేనే. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. మండలంలో ఎవరిని అడిగినా నా పేరే చెబుతారు. కొందరు మెచ్చుకుని చెబుతారు, కొందరు తిట్టి చెబుతారు, అంతే తేడా.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ఎక్కడ చూసినా పొదుపు సంఘాలే. నేను మా మండల మహిళా సమాఖ్యకు అధ్యక్షురాలిని. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. మా సంఘాల్లో బొగ్గు బాయిలో పనిచేసేవాళ్ళ పెళ్ళాలు ఉన్నారు, పత్తి ఏరేవాళ్ళు ఉన్నారు, లోపలి గూడేల నుంచి వచ్చే కోయ ఆడవాళ్ళు ఉన్నారు. అందరం కలిసి కొట్లాడి చెరువు కట్ట పక్కన సమాఖ్యకు ఒక భవనం కట్టించుకున్నాం. భవనం పూర్తయిన రోజు మండలాఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ముందు జాగా చూసి, "ఇక్కడ ఎవరైనా నాయకుడి విగ్రహం పెట్టుకోండమ్మా, నిండుగా ఉంటుంది" అన్నాడు.

"చెయ్యెత్తిన మగోళ్ళు మన రోడ్ల మీద చాలరా సార్? మేం ఆడమనిషిని పెట్టుకుంటం" అన్నాను. నా నోరు అంతే, ముందు మాట వస్తుంది, తర్వాత ఆలోచన వస్తుంది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఏ ఆడమనిషి అని ఎవరూ అడగనే లేదు. మా చెరువు ఓరుగల్లు రాణి తవ్వించిందని మా వైపు చెప్పుకుంటారు. ఆమె అసలు పేరు బడి పుస్తకంలో అందరం చదివాం కానీ మా దగ్గర ఎవరూ పేరు పెట్టి అనరు. పక్క బజారులో ఉండే మనిషి గురించి చెప్పినట్టు, ఓరుగల్లు రాణి ఇక్కడ గుర్రం దిగిందట, ఇక్కడ తూము పెట్టించిందట అంటారు. నిజమో కాదో చదువుకున్నవాళ్ళు తేల్చుకోవాలి. మా పొలాలు పారేది మాత్రం ఆ తూము నీళ్ళతోనే.

ఊరి సంగతి అట్లా తేలికగా తేలిపోయింది. ఇంట్లో సంగతే గట్టిదైంది, ఎందుకంటే ఇంట్లో మా నాయన ఉన్నాడు.

నాయన బాయి పని చేసి రిటైరైనవాడు. అమ్మ పోయాక మా ఇంటికి ఆనుకునే రెండు గదులు వేసుకుని ఉండేవాడు. మేం క్రైస్తవులం. మా చర్చిలో నాయన సంఘ పెద్ద. ఆదివారం ముందు బెంచీ మీద కూర్చునేది, పాస్టరు అయ్యగారు ఊళ్ళో లేనప్పుడు ప్రార్థన నడిపేది ఆయనే. జీతం వచ్చే ఉద్యోగం ఎన్నేళ్ళు చేశాడో ఆయనకు గుర్తుండేది కాదు కానీ ఆ బెంచీ మీద మొదటిసారి కూర్చున్న రోజు ఏ చొక్కా వేసుకున్నాడో గుర్తుండేది. నేను విగ్రహం అనే మాట బడిలో నేర్చుకోలేదు. అంతకు ముందే సండే స్కూల్లో, అది ఎందుకు కూడదో చెబుతూ నేర్పించారు.

ఇంతలో ఫ్లెక్సీ అతను ఒక ఘనకార్యం చేశాడు. పని మొదలుపెడుతున్నామని బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టమని చెప్పాను. అతని కంప్యూటర్లో గుడి పండుగలకు వాడే నమూనా ఒకటి రెడీగా ఉందట. చుట్టూ గంటలు, పైన మామిడి తోరణం, మధ్యలో ఎర్రటి అక్షరాలతో "ఓరుగల్లు రాణి విగ్రహ ప్రతిష్ఠ". కింద నా ఫొటో, చేతులు జోడించుకుని! ఆ ఫొటో ఏదో మీటింగులో నమస్తే పెడుతుండగా తీసింది. ఆదివారం పొద్దున చర్చికి పోయే నాయన దాన్ని చూశాడు.

ఇంటికి వచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. వచ్చాక చెప్పులు కూడా విప్పలేదు.

"ఏందది?" అన్నాడు.

"ఏంది నాయనా?"

"విగ్రహమా? ప్రతిష్ఠనా? దాని కింద నువ్వు చేతులు జోడిచ్చుకోని నిలవడ్డవా?"

"ఫ్లెక్సీ అతను గలీజు చేసిండు నాయనా. అది దేవత కాదు. రాజ్యం ఏలిన మనిషి, గంతే."

"ఇయ్యాల రాజ్యం ఏలిన మనిషి అంటరు. రేపు పసుపు పూస్తరు. ఎల్లుండి కాయ కొడ్తరు. నేను చూడని ఊరా ఇది? సంఘ పెద్ద బిడ్డ విగ్రహం నిలవెట్టిందంటె, ఆ పెద్ద ముందు బెంచీ మీద ఏ మొఖం పెట్టుకోని కూసుంటడు? వాళ్ళు లెవ్వమనక ముందే నేనే లేస్త."

నాకు ముక్కు మీదే కోపం. అయినా ఆ బెంచీ మాట విని తగ్గాను. "పసుపు పూసినా, కాయ కొట్టినా నేనే దగ్గరుండి కూలగొట్టిస్త. నీకు మాటిస్తున్న" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఇచ్చినవా?"

"ఇచ్చిన."

నా మాట సంగతి ఆయనకు తెలుసు. ఒకసారి ఆటో అతనితో గొడవపడి, ఇక నీ ఆటో ఎక్కను పో అన్నాను. తర్వాత అతను వానలో బండి ఆపి, అక్కా ఎక్కు, బతిమాలుతున్న అన్నా తడుచుకుంటూ నడిచి వచ్చినదాన్ని. ఈ మొండితనం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊరందరికీ తెలుసు. నాయన చెప్పులు విప్పి లోపలికి పోయాడు.

ఆ రోజు నుంచి మా సమాఖ్యలో విగ్రహం అన్నవాళ్ళ మీద నేను పడేదాన్ని. "విగ్రహం అనకండి, బొమ్మ అనండి" అని ప్రతి మీటింగులో చెప్పాను. ఫ్లెక్సీ అతను తల గోక్కుని, "బొమ్మ అంటె పిల్లలు ఆడుకునేదనుకుంటరు మేడం" అన్నాడు. "అనుకోనియ్, ఆడుకోనియ్" అన్నాను.

మాట ఇచ్చినంత సులభం కాదు కదా దాన్ని నిలబెట్టుకోవడం. అందుకే బొమ్మ చేయించేటప్పుడే, ఎవరూ మొక్కలేని బొమ్మ చేయించాలని పట్టుపట్టాను. ఖమ్మం దారిలో సిమెంటు బొమ్మలు చేసే ఒక శిల్పి దగ్గరికి పోయాను. ఆయన షెడ్డు ముందు ఒక పక్క దేవుళ్ళు, ఒక పక్క నాయకులు వరసగా ఎండుతున్నారు. తలలు వేరుగా, మొండేలు వేరుగా. ఆయన నన్ను కూర్చోబెట్టి అలవాటుగా అడిగాడు.

"ఏ చెయ్యి లేపాలె మేడం? కుడిదా, ఎడమదా?"

"ఏదీ లేపొద్దు."

"కత్తి?"

"వద్దు."

"సింహాసనం? గుర్రం? పోనీ కిరీటమన్న ఉంటదా?"

"ఏదీ వద్దన్న."

"మరి ఏముంటది మేడం బొమ్మకు?"

"పని ఉంటది" అన్నాను. నోటితో చెబితే ఆయనకు అర్థం కావడం లేదని లేచాను. కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్ళు పైకి దోపి, ఆయన ఇసుక కుప్ప అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేశాను. అక్కడే పడి ఉన్న ఒక కర్రను రెండు చేతులతో పట్టుకుని, తూము తలుపు పైకి లాగుతున్నట్టు ఒంగాను. తూము దగ్గర మా ఊరి ఆడవాళ్ళంతా అట్లాగే కూర్చుంటారు. శిల్పి పగలబడి నవ్వాడు.

"రాణి గిట్ల కూసుంటదా మేడం?"

"ఆమె తవ్వించుకున్న చెరువు. ఆమె ఇష్టం వచ్చినట్టు కూసుంటది."

ఆయన నవ్వు ఆపి, నా చుట్టూ ఒకసారి తిరిగాడు. అట్లాగే ఉండండి, కదలకండి అని బొగ్గు ముక్కతో గోడ మీద గీసుకున్నాడు. నా నడుము పట్టేసింది కానీ నేను కదలలేదు.

నా లెక్క నాకుంది. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి దీవించలేదు. కింద దిమ్మె లేకపోతే ఎత్తు ఉండదు, ఎత్తు లేకపోతే దేవత అనిపించదు. అన్నిటికన్నా పెద్ద తెలివి ఇంకోటి చేశాను. మొహం చెరువు వైపు, వీపు రోడ్డు వైపు పెట్టించాను. ఎవరైనా ముందుకు వచ్చి చేతులు జోడిద్దామంటే నిలబడే జాగా ఉండదు, నీళ్ళలో పడతారు. వకీలు కూడా ఇంత ఆలోచించడు అనుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కళ్ళ దగ్గర మళ్ళీ చిక్కు వచ్చింది. వాళ్ళ పనిలో కళ్ళు ఆఖరున తెరుస్తారు. అప్పటిదాకా మొహానికి గుడ్డ కట్టి ఉంచుతారు. కళ్ళు తెరిచే రోజు కొబ్బరికాయ కొట్టి, బొమ్మ మొదటి చూపు పడేలా ఎదురుగా అద్దం పెడతారు. నాయకుల బొమ్మలకూ ఇదే పద్ధతట. కాయ వద్దన్నాను. ఆయన ఉలి కింద పెట్టేశాడు.

"మొదటి చూపు మంచిదాని మీద పడాలె మేడం. ఏ ఏర్పాటూ లేకుంట తెరిస్తె అది నా మీద పడుతది. నాకు పిల్లలున్నరు."

ఆయన భయం నటన కాదు. నాకు నాయన ఎట్లాగో, ఆయనకు ఆ చూపు అట్లాగ. కాసేపు ఆలోచించి, "కళ్ళు ఇక్కడ తెరవకు. చెరువు కట్ట మీద కూసోబెట్టినంక తెరువు. మొదటి చూపు నీళ్ళ మీద పడుతది" అన్నాను. ఆయన ఆ మాటను తనలో తాను రెండుసార్లు అనుకుని, "నీళ్ళు మంచియే" అన్నాడు. అట్లాగే చేశాడు. ఎండాకాలం, చెరువు అడుక్కి పోయి ఉంది. ఆయన చూపుకు అడ్డం రాకుండా పక్కకు ఒదిగి, మెడ వంచుకుని ఆ రెండు కళ్ళూ చెక్కాడు. కాయ కొట్టలేదు.

ఆవిష్కరణకు వచ్చిన పెద్దలకు మొహాలు మాడిపోయాయి. ఫొటో తీయించుకుందామంటే రాణి వీపు తప్ప ఏమీ కనబడదు. "ఇదేంటమ్మా, మాకు వీపు చూపిస్తోంది?" అన్నాడొకాయన. "మీకు కాదు సార్, రోడ్డుకు" అన్నాను. ఎవరో సంచీలోంచి కొబ్బరికాయ తీశారు. నేను చటుక్కున లాక్కుని భవనంలోకి పంపించాను. నాయన ఆ రోజు రాలేదు. సాయంత్రం ఇంటికి పోతే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"కాయ కొట్టిండ్రా?"

"లేదు. పచ్చడి నూరినం."

ఆయన నవ్వీ నవ్వనట్టు మొహం తిప్పుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళకు పాస్టరు అయ్యగారు కూడా అటుగా పోతూ బొమ్మను చూసి, ఇందులో తప్పేమీ లేదన్నట్టు తలూపి పోయారు. నాయన బెంచీ నాయనకే ఉంది. నేను గెలిచాననుకున్నాను.

వానలు పడ్డాయి. చెరువు నిండి నీళ్ళు రాణి కాళ్ళ దాకా వచ్చాయి. ఆమె నిజంగానే తూము ఎత్తుతున్నట్టు ఉండేది. బడి పిల్లలు ఆమె వీపు మీద ఎక్కి జారేవాళ్ళు. ఖమ్మంలో జిల్లా మీటింగు ఎప్పుడు జరిగినా నేను మైకు పట్టుకుని చెప్పేదాన్ని: మా రాణి బొమ్మకు ఇన్నాళ్ళుగా ఒక్కరంటే ఒక్కరు కూడా పసుపు పెట్టలేదు, బొమ్మను ఎట్లా పెట్టాలో మా దగ్గరికి వచ్చి నేర్చుకోండి అని. వినేవాళ్ళకు విసుగొచ్చేది కానీ నాకు రాలేదు.

ఆ ఏడు చలికాలంలో నాయన ముందు బెంచీ వదిలేశాడు. చర్చిలో వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. "పెద్దరికం ఇంకొకరికి అప్పజెప్పిన బిడ్డా. మోకాళ్ళు సహకరిస్తలేవు. ముందల నిలవడాలె, వంగాలె, నాతోని అయితలేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. వయసు మీద పడినందుకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను. దవాఖానాకు తీసుకుపోతానంటే వద్దన్నాడు. అందుకని మందు తెచ్చి రోజూ సాయంత్రం ఆయన మోకాళ్ళకు నేనే రాసేదాన్ని. ఆయన కిక్కురుమనకుండా రాయించుకునేవాడు.

ఒక శుక్రవారం ఖమ్మంలో పొద్దున్నే మీటింగు పెట్టారు. మొదటి బస్సు పట్టుకుందామని తెల్లవారుజామునే బయలుదేరాను. ఇస్త్రీ చీర, చేతిలో బ్యాగు. చెరువు కట్ట ఎక్కేసరికి అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. రాణి ముందు ఎవరో మనిషి కూర్చుని ఉన్నాడు. చెంబుతో నీళ్ళు ముంచి ఆమె కాళ్ళ మీద పోస్తున్నాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ పోశాడు. అభిషేకం! ఇన్నాళ్ళకు దొరికాడు దొంగ అనుకుని ఒళ్ళు మండిపోతుండగా అరిచాను.

"ఏయ్, ఎవడ్రా అది? లే అక్కడి నుంచి!"

మనిషి తల తిప్పాడు. మా నాయన.

బట్టలు ఉతుక్కునే మెట్లు రాణి కాళ్ళ పక్కగానే దిగుతాయి. ఆ మెట్ల మీద నాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నిన్న సాయంత్రం నేను మందు రాసిన ఆ మోకాళ్ళ మీదే, సుఖంగా. ఆ మెట్ల సంగతి నా తెలివికి తట్టనే లేదు. రోడ్డు వైపు నుంచి మొక్కే దారి మూశాను కానీ, నీళ్ళకు దిగే ఆడవాళ్ళకు ఆమె కాళ్ళు చేతికి అందేంత దగ్గర పెట్టించాను.

"నాయనా, నువ్వు పూజ చేస్తున్నవా?"

"నీ తలకాయ. కడుగుతున్న" అన్నాడు.

దగ్గరికి పోయి చూశాను. రాణి పాదాలకు చిక్కగా పసుపు. వేళ్ళ సందుల్లో కుంకుమ. మెట్టు మీద కొబ్బరి చిప్ప.

"ఎప్పటి సంది?" అన్నాను.

"చెరువు నిండిన కాడి సంది. శుక్రవారం శుక్రవారం. తెల్లారక ముందే నల్లమబ్బుల ఆడోళ్ళు దిగుతరు, పూసి పోతరు. నేను పాల కోసం పోయినట్టు వచ్చి కడుగుత. నీళ్ళ అలకు పోతందని వాళ్ళు అనుకుంటున్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె?" అని చెంబు పక్కన పెట్టాడు. "మొదటి దినం నిన్ను పిలుద్దామనే లేచిన. నేను చెప్పలేదా, చూసినవా అందామనే లేచిన. లేచి ఒక్కసారి ఎనక్కి చూసిన. ఆ కూసునుడు నీది బిడ్డా. ఆ వంగుడు నీది. నువ్వు గడ్డపార తెచ్చి దాన్ని కొడుతుంటె నేను పక్కన నిలవడి చూడాల్నా?"

నేను మెట్టు మీద కూలబడ్డాను. అప్పుడు తట్టింది నాకు. "బెంచీ ఎందుకు వదిలినవ్? మోకాళ్ళని అబద్ధమాడినవ్. ఎందుకు?"

నేను వదలకపోయేసరికి చెప్పాడు. నైట్ షిఫ్ట్ దిగి వస్తున్న మా చర్చి వాళ్ళిద్దరు బస్సులోంచి చూశారట. సంఘ పెద్ద రాణి కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నాడు. నేనేమనుకున్నానో వాళ్ళూ అదే అనుకున్నారు. అయ్యగారు ఒంటరిగా పిలిచి అడిగారు.

"నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్తా? కడుగుతున్నా అంటె పసుపు ఉన్నట్టే గదా. ఆయన కడుపుల ఎంతసేపు దాగుతది? ఆదివారానికి నీ దాక వస్తది. సోమవారం నువ్వు గడ్డపార తీస్తవ్. నాకు తెల్వదా నీ సంగతి? ఏం చెప్పకుంట లేచి ఎనకకు పోయిన."

"ఆళ్ళు నువ్వు మొక్కుతున్నవనుకుంటున్నరు నాయనా!"

"అవ్. అనుకుంటున్నరు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నలుగురిలో ఏడ్చే అలవాటు లేనిదాన్ని, అక్కడ ఎవరూ లేరు కాబట్టి బాగా ఏడ్చాను. "ఈ ఆదివారం చర్చిల లేచి నిలవడి అందరికీ చెప్త. మా నాయన మొక్కలే, కడిగిండు అని చెప్త" అన్నాను.

"ఏం చెప్పకు. ఎనక వరసల ఫ్యాను గాలి మంచిగ వస్తది" అన్నాడు.

రోడ్డు మీద బస్సు ఆగి, హారన్ కొట్టి, పోయింది. నేను రాణి కాళ్ళ వైపు చూశాను. కాయ కొట్టారు, పసుపు పూశారు. మాట ఇచ్చాను.

"కూలగొట్టాల్నా నాయనా?" అని అడిగాను.

"మాట ఎవరికిచ్చినవ్?"

"నీకు."

"నేనేమన్న చూసిన్నా?" అన్నాడు నాయన. మణికట్టు దాకా పసుపైన రెండు చేతులూ నా ముందు చాపి, "నేనైతె ఏం చూడలే" అన్నాడు.

నేను బ్యాగు గట్టు మీద పెట్టి, ఇస్త్రీ చీరతోనే నీళ్ళలోకి దిగి, రెండో పాదం తోమడం మొదలుపెట్టాను.